అమ్మమ్మ చెప్పిన ఎపిసోడ్

పోయిన వారం కావలి నుంచి బోగోలుకు షేర్ ఆటోలో వస్తుంటే, నా పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల ఫోనులో ఏదో సిరీస్ చూస్తోంది. అందులో ఇద్దరు మొగపిల్లలు పెళ్లి బట్టల్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. ఆ పిల్ల సౌండు కూడా తగ్గించలేదు. అటు పక్కనున్న ముసలామె మెడ సాచి చూసి, "పెళ్లెవురిది పాపా?" అనింది. "వాళ్లిద్దరిదే అవ్వా." ముసలామె ఇంకాసేపు చూసి, "పిలకాయలు బాగుండారు. కాస్త జరుగు, కాలు తిమ్మిరెక్కింది" అనింది. అంతే. ఆకాశం ఉరమలేదు, ఎవరి ముఖమూ మూడేసిసార్లు కనిపించలేదు. ఇదే సంగతి టీవీలో మొదటిసారి వచ్చినప్పుడు ఎంత ఉరిమిందో నేను చూసినదాన్ని గనక, ఆ పిల్ల మీద కొంచెం కుళ్లు పుట్టింది.

అప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి, బోగోలు దగ్గర సముద్రం ఒడ్డున అమ్మమ్మ వాళ్లింట్లో సెలవులు గడుపుతున్నాను. ఎండాకాలంలో రెండు నెలలు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని ప్రభుత్వం బోట్లను ఒడ్డెక్కిస్తుంది. దానివల్ల చేపలకు ఏకాంతం దొరుకుతుంది, ఇళ్లకు మొగవాళ్లు దొరుకుతారు. పెద్దమామ, చిన్నమామ పొద్దంతా వలలు బాగుచేసుకుని, సందకాడ టీవీ ముందు చేరేవాళ్లు. రిమోట్ మాత్రం అమ్మమ్మ రొంటిన ఉండేది. చిన్నమామకు ముప్పై దాటినా పెళ్లి కాలేదు. నెమ్మదైన మనిషి. కావలి ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే స్నేహితుడొకాయన రెండ్రోజులకోసారి బండి మీద ఆయన కోసం వచ్చేవాడు. వేట లేని రోజుల్లో ఐసాయనకు మా ఒడ్డున ఏం పనో ఎవరూ అడగలేదు. మా ఇంట్లో అడగని ప్రశ్నలు చాలా ఉండేవి, ఇది వాటిలో ఒకటి.

ఆ ఎండాకాలం వరకు టీవీలో మొగవాణ్ణి ఇష్టపడే మొగవాడంటే ఒకే రకం. గులాబీరంగు చొక్కా, తిప్పుకునే నడుము, గాల్లో వేలాడే చెయ్యి. వాడు రాగానే పక్కనున్న మొగాళ్లందరూ పంచె బిగించుకుని పరిగెత్తేవాళ్లు. కామెడీ షోల్లో వాడికి మాట ఉండేది కాదు, నడక మాత్రమే ఉండేది. ఆ నడక నేను బాగా నడుస్తానని చుట్టాల్లో నాకు పేరు. ఎవరొచ్చినా నడిచి చూపించేదాన్ని. అందరికంటే గట్టిగా నవ్వేది చిన్నమామే. నా ప్రతిభకు ముగ్ధుడయ్యాడనుకున్నాను. పదహారేళ్లకు అంతకంటే తెలివి రాదు.

ఆ ఎండాకాలం, ఉత్తరాది నుంచి తెలుగులోకి దిగుమతైన ఒక డబ్బింగు సీరియల్లో, పెద్దింటి రెండో కొడుకు, మామూలు చొక్కా వేసుకుని, మామూలుగా నడుచుకుంటూ వచ్చి, తనకు సంబంధాలు చూడొద్దనీ, తన మనసు తన స్నేహితుడి మీద ఉందనీ వాళ్లమ్మకు చెప్పినాడు. చెప్పింది ఒక్క వాక్యం. దానికి ఇంట్లో పదకొండు మంది ముఖాలు, ఒక్కో ముఖానికి మూడు ఉరుములు. ఆ ఉరుములు అయ్యేసరికి వారం గడిచింది. మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఆ పిల్లోడి దగ్గర నడక లేదు మరి. పెద్దమామ "ఛానల్ మార్చుమా" అన్నాడు. అమ్మమ్మ మార్చలేదు. చిన్నమామ కళ్లు వల మీదే ఉన్నాయి గానీ, అరగంట నుంచి ఒకే కన్నం కుడుతున్నాడు.

ఇక్కడ అమ్మమ్మ ఉద్యోగం గురించి చెప్పాలి. వెనక వీధికి కరెంటు లైను వేరు. సరిగ్గా సీరియల్ టైముకు వాళ్లకు కోత. అందుకని పొద్దున్నే, నిషేధం లేని తెడ్డుపడవల వాళ్లు తెచ్చిన నెత్తళ్ల చేపలు ఇసక మీద ఎండబోసి తిరగేస్తూ, ముందురోజు ఎపిసోడ్ మొత్తం ఆ ఆడవాళ్లకు అమ్మమ్మ చెప్పాలి. ఉరుములతో సహా చెప్పేది. టీవీలో చూసిన నేను కూడా మళ్లీ వినడానికి పోయేదాన్ని, ఎందుకంటే అమ్మమ్మ చెప్పే కథలో యాడ్స్ ఉండవు.

ఇదిలా ఉండగా పెద్దమామ తమ్ముడికి ఒక సంబంధం కుదుర్చుకొచ్చాడు. శుక్రవారం పెళ్లిచూపులు. చిన్నమామ సరేననలేదు, వద్దననలేదు. ఐసాయన రావడం మానేశాడు. చిన్నమామ అన్నం తగ్గిపోయింది. అమ్మమ్మ రోజూ ఆ కంచం వైపు చూసేది.

బుధవారం సీరియల్ వాళ్లు చేతులెత్తేశారు. ఆ రెండో కొడుకు మెట్ల మీద నుంచి పడ్డాడు. తలకు కట్టు. కళ్లు తెరిచి, "అమ్మా, నువ్వు చూసిన అమ్మాయినే చేసుకుంటా" అన్నాడు. ఇంత చవగ్గా కుదిరే వైద్యం ఇంకెక్కడా చూడలేదు. పెద్దమామ "ఇప్పుడు దారికొచ్చినాడు" అని తొడ చరిచాడు. చిన్నమామ లేచి బయటికి పోయాడు.

మర్నాడు ఇసక మీద ఆడవాళ్లు పదిమంది. పది అడుగుల దూరంలో గుంజకు వల కట్టుకుని చిన్నమామ. అమ్మమ్మ మొదలుపెట్టింది. పిల్లోడు పడినాడు, తలకు కట్టు కట్టినారు, అంతవరకూ సరిగ్గానే ఉంది. "అప్పుడు వాళ్లమ్మ వచ్చి మంచం మింద కూర్చుని చెప్పింది. నాయనా, నీకు పెళ్లొద్దంటే వొద్దు. ఎవురి బిడ్డనో తెచ్చి నా ఇంట్లో ఏడిపించేదానికి నాకేం ఖర్మ, అనింది."

"అట్ట కాదు అమ్మమ్మా, వాడే..." అన్నాను.

"నువ్వు గమ్మున చేపలు తిప్పుమే."

వెనక వీధి ఆమె ఒకతె, "మరి ఆ స్నేహితుడి సంగతేంది అత్తా?" అనింది.

"ఏముంది, కబురంపింది. వస్తే అన్నం పెట్టింది. ఏం, వాళ్లింట్లో బియ్యం లేవా?"

"ఊరోళ్లు ఏమన్నా అంటే?"

"అనేవోళ్లు వాళ్లింట్లో అనుకుంటారు. నీకేం మే, నీ చేప మాడిపోతా ఉండాది చూసుకో."

గుంజ దగ్గర వల కదలడం ఆగింది. నేను అటు చూశాను. చిన్నమామ ముఖం వలలో పెట్టుకుని ఉన్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఏదో ఒక జోకు వెయ్యాలని నోరు తెరిచి, మూసుకుని, చేపలు తిప్పాను. ఆ మధ్యాహ్నమే అమ్మమ్మ పెద్దమామతో, అమ్మాయి వాళ్లకు ఫోను చేసి, మేం రావట్లేదని చెప్పమంది. పెద్దమామ గంటసేపు పరువు గురించి మాట్లాడాడు. అమ్మమ్మ వినింది. అయ్యాక, "చెప్పినావా?" అనింది. చెప్పినాడు.

పదిరోజులు అమ్మమ్మ తన కథే నడిపించింది. ఆ తర్వాత వెనక వీధికి కరెంటు కోత ఎత్తేశారు. ఆ ఆడవాళ్లు టీవీ పెట్టుకుంటే, రెండో కొడుకు పూలదండ వేసుకుని పీటల మీద కూర్చుని ఉన్నాడు. కట్టకట్టుకుని మా ఇంటికొచ్చారు. అమ్మమ్మ మీద కోపం కాదు, టీవీ వాళ్ల మీద. "చూడత్తా, కథ మార్చి పారేసినారు! ఆ తల్లి అంత బాగా చెప్పినాక మళ్లీ ఇదేం బుద్ధి?" అమ్మమ్మ కూడా వాళ్లతో కలిసి ఆ ఛానల్‌ను శుభ్రంగా తిట్టింది.

వాళ్లు పోయాక, అట్టెందుకు చెప్పావని అడిగాను. "సీరియల్లో ఆ తల్లికి ఆలోచించుకునేదానికి వారమే ఇచ్చినారు. అందులో సగం ఉరుములే. నాకు ఎండాకాలమంతా పట్టింది" అనింది.

ఆ మాట కోసం చిన్నమామ ఎంతకాలం కాచుకున్నాడో నేను అడగలేదు. ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్నవాళ్లకు కూడా కాలం ఒకే పొడుగున నడవదని అప్పుడు తెలియలేదు. ఇప్పుడు కొంచెం కొంచెంగా తెలుస్తోంది.