చప్పట్లు కొట్టి చోటు వెతికిన నరహరిగారు

మా ఫ్రీమాంట్ నరహరిగారు పరమపదించారన్న వార్త ఆఫీసుకు వెళ్లే రైల్లో ఉండగా నా ఫోన్‌లో పడింది. ఆ దిగ్భ్రాంతిలో దిగవలసిన స్టేషన్ దాటిపోయాను. ఎవరో తట్టి చెప్పకపోతే పసిఫిక్ మహాసముద్రంలో దిగేవాణ్ణి.

వృత్తి సాఫ్ట్‌వేర్, తపస్సు నాదం. కర్ణాటక సంగీతంలో వయొలిన్ ప్రస్థానం మీద డాక్యుమెంటరీ తీయడానికి ఆయన పోర్చుగల్, ఇటలీ, ఆస్ట్రియాలు తిరిగితే, సామాను మోసిన ఐరావతాన్ని నేను. లోకమంతా లొకేషన్లు కళ్లతో చూస్తుంది. ఆయన కళ్లు మూసుకుని ఒక్క చప్పట కొట్టి, తిరిగొచ్చిన ధ్వనిని బట్టి తేల్చేవారు. లిస్బన్‌లో సాక్షాత్తూ అట్లాంటిక్‌నే రిజెక్ట్ చేశారు: "తన గోలే తప్ప మన మాట వినదయ్యా."

ఇటలీలో ఒక చర్చిలో ఆయన చప్పట కొట్టగానే, ప్రసంగానికి మెచ్చుకోలనుకుని భక్తజనమంతా లేచి కరతాళధ్వనులు చేశారు. జన్మకో సన్మానం జరిగినట్టు పాదిరిగారి ముఖం వెలిగిపోయింది.

చివరి దృశ్యం వియన్నాలో, ఒక పురాతన సభామందిరంలో. వాయించేది అమెరికాలోనే ట్రాయ్ అనే ఊళ్లో పిల్లలకు వయొలిన్ నేర్పే శారద. బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలను కుడిపాదం మీద ఆనించడం మన పద్ధతి. వేదిక మీద నేలపై కూర్చోకూడదు, కుర్చీ తప్పనిసరి అన్నారు అక్కడి మేనేజర్. మర్నాడే మా తిరుగు ప్రయాణం.

"పర్లేదన్నయ్యా, ఇంతదూరం వచ్చాం గదా. నేను సర్దుకుంటాలే," అంది శారద.

"నువ్వు సర్దుకుంటావమ్మా, వయొలిన్ సర్దుకోదు. దాన్ని పుట్టింటికి తీసుకొచ్చాం. మెట్టినింట్లో నేర్చుకున్నది ఇక్కడ దాచుకోమంటే ఎలా?"

మేనేజర్‌కు నమస్కారం పెట్టి, కేబుళ్లు చుట్టుకుని బయటికి నడిచారు. ఆపైన వియన్నా సందుగొందులన్నీ ఆయన చప్పట్లతో దద్దరిల్లాయి. ఏదో మతం ప్రచారం చేస్తున్నామనుకుని ఒక పోలీసాయన మా వెనకే నడిచాడు. ఆఖరికి ఒక వంతెన కింద చప్పట కొట్టి, కళ్లు తెరిచి నవ్వారు. ఎముకలు కొరికే చలిలో తన ఓవర్‌కోటు తీసి నేలమీద పరిచారు.

శారద కూర్చుని కల్యాణి అందుకుంది. సైకిళ్లు ఆగాయి. నది కూడా ఆగిందని నేను ఏ కోర్టులోనైనా సాక్ష్యం చెబుతాను. ఎవరూ చెప్పకుండానే దారినపోయేవాళ్లు నేలమీద చతికిలబడ్డారు, ఆ పోలీసాయనతో సహా. సినిమా అక్కడే ముగుస్తుంది. తెలుగువాణ్ణని నా ఛాతీ పొంగిన పొంగుకు తెగిన కోటుగుండీ ఆ నదిలో పడి ఈపాటికి నల్లసముద్రం చేరి ఉంటుంది.

మన సంగీతానికి వేదికలిచ్చేవాళ్లు ఇకముందూ ఉంటారు. దాన్ని దాని తీరున కూర్చోనివ్వని వేదికను కాదని, చలిలో దానికి చోటు వెతికే మనిషి మాత్రం మాకు ఇంకొకరు లేరు.