కిందికి తవ్వకు బావా

ఫోన్‌లో తవ్వుకుంటూ, ఇళ్ళు కట్టుకుంటూ ఆడే ఈ ఆట కొత్తగా మొదలెట్టేవాళ్ళకి నేనెప్పుడూ ఒకటే చెప్తాను. ముందు చెట్లు కొట్టి కర్ర పోగెయ్యండి, చీకటి పడకముందే చిన్న గది కట్టుకుని అందులో మంచం వేసుకోండి, చస్తే మళ్ళీ ఆ మంచం దగ్గరే లేస్తారు. కాళ్ళ కింద నేలని మాత్రం తిన్నగా కిందికి తవ్వకండి. అడుగున ఎక్కడో నిప్పుమడుగు ఉంటుంది, అందులో పడితే సంపాదించిందంతా బూడిదే. పలాసలో నాది సెల్‌ఫోన్ల రిపేరు షాపు. షాపుకొచ్చిన ఎంతమందికో ఈ ముక్కలు చెప్పేను. అందరూ విన్నారు. వినని మనిషి ఒక్కడే, మా బావ.

బావంటే మా అక్క మొగుడు. అక్కుపల్లి దగ్గర ఊళ్ళో కొబ్బరి, జీడి తోటలు. కొబ్బరిచెట్టు ఎక్కి దిగినా ఆయాసమెరగని మనిషికి కిడ్నీలు పోయేయి. మా ఉద్దానంలో అదేం వింత కాదు, ఏ వీధిలో అడిగినా ఇంకో మనిషిని చూపిస్తారు. రోజు విడిచి రోజు పలాస ఆస్పత్రికొచ్చి, పూటంతా డయాలసిస్ మిషను పక్కన పడుకోవాలి. కొన్నాళ్ళు వచ్చేడు. తరవాత మొండికేసేడు.

అక్క నా షాపుకొచ్చింది. చేతిలో సంచీ కింద పెట్టకుండానే మొదలెట్టింది. “ఒరే, మీ బావ ఇంక ఎల్లనంటన్నాడు. ఆ మంచమ్మీద పడుకుని పైన తిరిగే పంకా సూత్తూ ఉండడం కన్నా సావడం నయమంటన్నాడు. నువ్వేటి సేత్తావో నాకు తెల్దు. ఆయన్ని ఆ మంచమెక్కించు.”

రెండు మూడు సార్లు మానేస్తే మనిషి దక్కడని ఆస్పత్రిలో ముందే చెప్పేరు. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. షాపులో ఉన్న పలకలాంటి టాబ్లెట్ ఒకదాన్లో ఈ ఆట ఎక్కించి ఆస్పత్రికి పట్టుకెళ్ళేను. టాబ్లెట్ నా దగ్గరే ఉంటుంది బావా, ఆడాలంటే నువ్విక్కడికే రావాలి అన్నాను. “నానేటి కుర్రగుంటణ్ణా?” అని మొహం అటు తిప్పుకున్నాడు. కాసేపయ్యేక కుతూహలం కొద్దీ ఇటు తిరిగేడు.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. ఈ ఆటకి రెండు బొటనవేళ్ళూ కావాలి. ఎడమ వేలుతో నడవాలి, కుడి వేలుతో చూడాలి, తవ్వాలి. బావ ఎడం చేతికేమో సూదులు, కదిపితే మిషను కూత పెడుతుంది. అందుకని నేను స్టూలు లాక్కుని పక్కన కూచుని ఎడమ వేలు పెట్టేవాణ్ణి. నడక నాది, తవ్వకం ఆయనది.

“ఇందులో పనేటిరా?” అన్నాడు.

“పనంటూ ఏటీ నేదు బావా. నీకేటి సెయ్యాలనిపిత్తే అది.”

“గెలవడమెలాగ?”

“గెలవడం నేదు.”

“మరి ఓడిపోడం?”

“అదుంది.”

“మన యవసాయమే కదేటి” అని నవ్వేడు. ఆస్పత్రిలో ఆయన నవ్వడం అదే మొదలు.

చెట్టు కొట్టు బావా అంటే వినడే! ఒక చదునైన చోటు చూసుకుని తిన్నగా కిందికి తవ్వడం మొదలెట్టేడు. ఏటది అంటే, నుయ్యి అన్నాడు. మా వైపు ఇల్లు కట్టాలంటే పునాది కన్నా ముందు నుయ్యే. నీళ్ళు పడాలి, ఇంటి పెద్ద ఆ నీళ్ళు దోసిట పట్టి తాగి బాగున్నాయనాలి, అప్పుడు గోడల సంగతి. “కిందికి తవ్వకు బావా, కిందికి తవ్వకు” అని నేనరుస్తూనే ఉన్నాను, ఆయన ఢామ్మని నిప్పులో పడ్డాడు. మళ్ళీ మొదటికొచ్చేం. మళ్ళీ నుయ్యే. మళ్ళీ నిప్పే. పక్క మంచాలవాళ్ళు మా ఆట చూసి నవ్వుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ముందు ఇల్లు కట్టుకో మహానుభావా!”

“నీళ్ళు సూడకుండా ఇల్లెలా కడతావురా?”

“సూసే కదా తాగేవు! అందుకే ఇక్కడున్నావు.”

ఆ గదిలో నవ్వులన్నీ ఆగిపోయేయి. అక్కడున్న ప్రతి మంచమ్మీదా నూతి నీళ్ళు తాగి పెరిగిన మనిషే. బావ మిషను వైపు చూస్తూ, “ఆ నీళ్ళేనని ఎవులు తేల్సేరు?” అన్నాడు మెల్లిగా. ఎవరూ తేల్చలేదు, నిజమే. పెద్ద పెద్దవాళ్ళు జీపుల్లో వచ్చేరు, సీసాల్లో నీళ్ళు పట్టేరు, చేతుల్లోంచి రక్తం తీసేరు, వెళ్ళిపోయేరు. ఇదిగో ఇందువల్ల మీ ప్రాణాలు పోతున్నాయని చెప్పడానికి తిరిగొచ్చిన మొహం ఒక్కటీ లేదు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలీక ఒకళ్ళ మీద ఒకళ్ళం చూపించుకుంటాం.

ఇంక రాడనుకున్నాను. ఆ తరవాతి వంతుకి నాకంటే ముందొచ్చి పడుకుని ఉన్నాడు. “తిన్నగా వొద్దన్నావు కదా, మెట్లు పెట్టి తవ్వుదాం” అన్నాడు. మెట్లు పెట్టి తవ్వేం. నీళ్ళు పడలేదు, ఆ ఆటలో ఊట ఉండదు. సముద్రం నుంచి బకెట్టుతో తెచ్చి పొయ్యాలని చెప్తే, “సముద్రం నీళ్ళు నూతిలో పోత్తే మంచినీళ్ళైపోతాయేటి, ఓర్నాయనో!” అని పొట్ట పట్టుకుని నవ్వేడు. నుయ్యి చుట్టూ రాళ్ళు పేర్చేడు. తరవాత మొక్కకీ మొక్కకీ ఎడం చూసుకుంటూ తోట వేసేడు. మిషను ఆగే లోపల చెట్లు ఎదిగిపోయేయి.

ఆయన వేలు ఆగిపోయింది. ఆ మధ్య వచ్చిన తుఫానుకి బావ తోటలో కొబ్బరిచెట్లన్నీ పడిపోయేయి. మళ్ళీ మొక్కలు పెట్టేడు గానీ, అవి కాపుకొచ్చేదాకా తనుండడని బావకి తెలుసు. “ఇలాగైతే ఎంత బాగున్నురా” అన్నాడు.

అప్పట్నుంచి పిలవక్కర్లేకుండా వచ్చేడు. చెప్పులేసుకుని అరుగు మీద ఆటో కోసం చూస్తున్నాడని అక్క ఫోన్‌లో చెప్పి మురిసిపోయేది. ఆటలో మంచం మాత్రం వేసుకోలేదు. చస్తే ఎక్కడో సముద్రం ఒడ్డున, మొదలెట్టిన చోట లేస్తావు బావా అని ఎంత పోరినా, “మళ్ళీ మొదటికొచ్చి ఏటి సెయ్యాలిరా?” అనేవాడు. సరే, నా పని ఆయన్ని ఆస్పత్రి మంచం ఎక్కించడం. అది గెలిచేననుకున్నాను.

ఓడించింది దాహం. కిడ్నీలు పోయినవాళ్ళు నీళ్ళు కొలుచుకుని తాగాలి. తాగిన నీరు బయటికి పోదు, ఒంట్లోనే నిలిచిపోతుంది. అందుకే ప్రతిసారీ ముందు తూకం వేస్తారు. బావ తూకం పెరుగుతూ వచ్చింది. కాళ్ళు ఉబ్బేయి. నర్సమ్మ కేకలేసింది. నేను నిలదీస్తే దాచలేదు.

“ఆ కొన్న టిన్ను నీళ్ళు గొంతు దిగవురా. తిరిగెల్లేక మన నూతి నీళ్ళు ఓ సెంబు తాగుతన్నాను.”

“సెంబా! నీకు బుద్ధుందా?”

“మీ నాన్న మా ఇంటికి పిల్లనిచ్చింది ఆ నీళ్ళు సూసే” అన్నాడు. అదీ నిజమే. సంబంధానికొచ్చినప్పుడు మా నాన్న వాళ్ళ నూతిలో చేద వేసి తోడించుకుని తాగేడు. కొబ్బరినీళ్ళలా ఉన్నాయి, మా పిల్ల సుఖపడతాదన్నాడు. 

నేనూ, అక్కా తిట్టేం, బతిమాలేం. అక్క చేదా తాడూ దాచేసింది. పక్కింటి చేద తెచ్చుకున్నాడు. ఒకనాడు పొద్దున్న ఊపిరాడలేదు. శ్రీకాకుళం తీసుకెళ్తుంటే టెక్కలి దాటకుండానే పోయేడు.

పెద్దకర్మ అయ్యేక అక్క నన్ను పక్కకి పిలిచింది. “మీ బావ అందులో నుయ్యి తవ్వేనని సెప్పీవోడు. సూపించు.”

టాబ్లెట్ తెరిచేను. ఎడమ వేలు అలవాటుగా దాని చోటుకి వెళ్ళింది. కుడి వేలు పెట్టడానికి మనసొప్పలేదు. నువ్వు పెట్టక్కా అన్నాను, పెట్టింది. తోటలోంచి మెల్లిగా నడిపించి నూతి దగ్గర ఆపేను. చెట్లు ఏపుగా ఉన్నాయి, నూతి నిండా నీళ్ళున్నాయి.

“మీ బావేడిరా?”

ఆ ఆటలో మనిషి కనబడడు. ఆడేవాడి కళ్ళతోనే చూస్తాం కాబట్టి తెర మూలన కుడి చెయ్యొక్కటే కనబడుతుంది. “అదిగో, ఆ సెయ్యే” అన్నాను.

అక్క ఆ చేతి వైపు వంగి చూసింది. తరవాత అంది, “ఓ గుక్క తాగించరా. ఇప్పుడెవులు వొద్దంతారు?”

“ఇందులో తాగడముండదక్కా. దాహమెయ్యదు.”

“ఎయ్యదా?”

“ఎప్పుడూ ఎయ్యదు.”

తెర మీంచి వేలు తీసేసింది. కొంగుతో కళ్ళొత్తుకుని టాబ్లెట్ నా వైపు తోసింది.

“అయితే అక్కడే ఉండమనరా” అంది.