చూసినవాడు: సైఫుల్లా

తెనాలిలో మా వీధి మొదట్లో సైఫుల్లా భాయ్ కొట్టు ఉంది. కొట్టంటే ఒక తలుపు, ఒక స్టూలు, నాలుగు రంగు డబ్బాలు, గోడకి వేలాడే మోటారు సైకిలు నంబరు ప్లేట్లు. ఒకప్పుడు బజారులో సగం దుకాణాల పేర్లు ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని కాస్తా పోయింది. ఇప్పుడు నంబరు ప్లేట్లు రాసుకుంటాడు. రెండు నెలలకోసారి రేపల్లె అవతలికి వెళ్ళి చేపల పడవలకి పేర్లు రాసి వస్తాడు. అరవై దగ్గర పడ్డాడు, గడ్డం తెల్లబడింది, చెయ్యి మాత్రం వణకదు. ఆయన రాసిన అక్షరం చూస్తే అది అబద్ధమాడుతుందని ఎవరికీ తోచదు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

కొట్టు పక్క గోడకి ఒక నల్లబల్ల ఉంది. ఏదో బడివాళ్ళు పారేస్తే తెచ్చుకున్నాడు. పనిలేక చెయ్యి మొద్దుబారిపోతుందేమోనని రోజూ పొద్దున్నే దానిమీద సుద్దతో రెండు ముక్కలు రాయడం మొదలుపెట్టాడు. ముందు రైలు ఆలస్యాలు, టమాటా ధర. తర్వాత తర్వాత, "మూడో వీధి మలుపులో దీపం వెలగడం లేదు. చూసినవాడు: సైఫుల్లా" అని. మూడో రోజుకి దీపం వెలిగింది. దాంతో స్టేషనుకి పోయేవాళ్ళు, పాలకి పోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగి ఆ బల్ల చదివి పోవడం అలవాటు చేసుకున్నారు.

"ఇంత కష్టం దేనికి భాయ్, ఫోనులో గ్రూపు పెట్టు, ఊరంతా చదువుతుంది," అన్నాను ఒకసారి.

"ఫోనులో రాస్తే రాసినోడు ఎక్కడుంటాడో తెలీదు స్వామిగారూ. ఇక్కడైతే బల్ల కిందే కూర్చుంటా. కోపమొచ్చినోడు నాలుగడుగులేస్తే నన్ను కొట్టొచ్చు."

"కొడితే?"

"అదీ రాస్తా. చూసినవాడు సైఫుల్లా అని."

ఆయనకి కొన్ని పట్టింపులు ఉండేవి. తాను చూడనిది రాయడు. ఒకరి గురించి రాసేముందు ఆ మనిషిని అడుగుతాడు. జవాబు చెప్పుకోదలచిన వాళ్ళకోసం బల్ల అంచున ఒక సుద్దముక్క ఎప్పుడూ ఉంచుతాడు. ఇక ఇళ్ళలో గొడవలు, పెళ్ళి సంబంధాలు, ఎవరి పిల్ల ఎవరితో మాట్లాడింది, ఎవరి దేవుడు గొప్ప, ఇలాంటివి మోసుకొచ్చే వాళ్ళు వీధికి నలుగురు ఉంటారు కదా. వాళ్ళకి స్టూలు వేసి, టీ తెప్పించి, అంతా విని, "ఇది గడప లోపలిదండీ, నా సుద్ద అందదు," అని పంపించేసేవాడు.

మొన్న వానాకాలంలో మా వీధిలో ఫోన్ల కేబులు వేయడానికి గొయ్యి తవ్వి పూడ్చారు. పూడ్చిన నాటినుంచి కుళాయి నీళ్ళు వాసన కొడుతున్నాయి. మా ఇంట్లో తాగడానికి క్యాను నీళ్ళు కొనుక్కుంటాం కనుక నేను పెద్దగా పట్టించుకోలేదు. కొనుక్కోలేని ఇళ్ళు వీధిలో ఇరవైదాకా ఉన్నాయి. సైఫుల్లా సీసాలో నీళ్ళు పట్టుకుని గొయ్యి తవ్వించిన కాంట్రాక్టరు జయకృష్ణ దగ్గరికి వెళ్ళాడు. ఆయన సీసా ముట్టుకోలేదు. మర్నాడు బల్లమీద ఇలా ఉంది:

"కేబులు గొయ్యి పూడ్చిన నాటినుంచి ఈ వీధి కుళాయిలో మురుగు వాసన వస్తోంది. పైపు పగిలిందేమో తవ్వి చూడాలి. చూసినవాడు: సైఫుల్లా."

జయకృష్ణ బండిమీద వచ్చాడు. మనిషి మర్యాదస్తుడే, మాట మెత్తగా ఉంటుంది.

"ఏంటి భాయ్, ఎవరో చెప్పారని రాసేయడమేనా? తుడిపెయ్."

"ఎవరో చెప్పలేదండి, నా ముక్కు చెప్పింది. తప్పైతే తప్పని కింద రాయండి. అదిగో సుద్ద."

"నా చేతిరాత బాగోదులే."

"చెప్పండి, నేనే రాసిపెడతా. మీ మాటే, మీ పేరే."

జయకృష్ణ సుద్దకేసి చూశాడు, బల్లకేసి చూశాడు, బండి తిప్పుకుని పోయాడు. మంచినీళ్ళ ఇంజనీరు గారు వచ్చే సోమవారం అర్జీలు తీసుకుంటారని తెలిసి, ఆ రోజు వెళ్దామని వీధిలో అనుకున్నాం. చేతిలో ఉన్న సాక్ష్యమల్లా ఆ బల్లే. ఇన్నేళ్ళలో ఒక్క అబద్ధం రాయని బల్ల.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పక తప్పదు. నేను విత్తనాల కంపెనీ ఏజెంటుని. అమృతలూరు, కాకుమాను, రేపల్లె తిరుగుతుంటాను. నాకు షుగరు, దాని పక్కన ఇంకో రెండు జబ్బులు ఉన్నాయి. బయట తిననని మా ఆవిడకి మాటిచ్చాను. ఇంజనీరు గారి సోమవారానికి ఇంకా వారం పైన ఉందనగా, ఒక ఆదివారం రేపల్లెలో ఒక డీలరు భోజనానికి కూర్చోబెట్టాడు. పీతల ఇగురు. మొహమాటానికి ఒకటి, రుచికి రెండు, ఆపైన ఎందుకు తిన్నానో తెలియకుండా ఇంకో మూడు. మర్నాడు పొద్దున్నించీ నా పరిస్థితి వర్ణించను.

"ఏం తిన్నారు?" అంది మా ఆవిడ, గుమ్మంలో నిలబడి.

రాత్రి కనకదుర్గ కర్రీ పాయింటు నుంచి వంకాయ కూర తెచ్చిన మాట గుర్తొచ్చింది. "ఆ వంకాయ కూరేనేమో. నూనె అదో రకంగా ఉంది," అన్నాను. అదే కూర తిని మా ఆవిడ నిక్షేపంగా నిలబడి ఉంది. ఆ సంగతి అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

ఇంట్లో ఆడిన అబద్ధం ఇంట్లోనే ఉంటే బాగుండేది. మధ్యాహ్నం మజ్జిగ తాగి సైఫుల్లా కొట్టు దగ్గర కూలబడ్డాను. మొహం పీక్కుపోయిందేంటని అడిగాడు. మా ఆవిడకి చెప్పిన మాటే ఇంకొంచెం ఉప్పూ కారం జల్లి చెప్పాను. పాత నూనె అన్నాను. చాలామందికి ఇలాగే అయిందట అని కూడా అన్నట్టున్నాను. ఆ చాలామంది నేనొక్కణ్ణే.

కనకదుర్గ కర్రీ పాయింటు మాకు రెండు వీధుల అవతల. కనకదుర్గ ఇద్దరు ఆడవాళ్ళని సాయం పెట్టుకుని తెల్లారేసరికి పొయ్యి వెలిగిస్తుంది. కూతురు కీర్తన బాపట్లలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆవిడ సైఫుల్లాని "అన్నయ్యా" అంటుంది. కొట్టు పేరు రాసిపెట్టింది ఆయనే. రంజాను నెలలో ఆయన ఇంటికి పులిహోర పంపుతుంది. అలాంటి మనిషి దగ్గరికి వెళ్ళి "అమ్మా, నీ నూనె పాతదా?" అని ఎలా అడుగుతాడు? మొహమాటం అడ్డొచ్చింది. మొహంమీద అడగడానికి మొహమాటపడ్డవాడు మంగళవారం పొద్దున గోడమీద రాసేశాడు:

"పాత నూనెతో వండిన కూరలు తిని జనం మంచాన పడుతున్నారు. కర్రీ పాయింటు వాళ్ళు గమనించాలి."

పేరు పెట్టలేదు. ఆ చుట్టుపక్కల కర్రీ పాయింటు ఒక్కటే ఉన్నప్పుడు పేరెందుకు?

అది నాలుగు రోజులు ఉంది. నేను రోజూ దాని ముందునుంచే వెళ్ళాను. మొదటి రోజు తల వంచుకుని వెళ్ళాను. రెండో రోజు అవతలి పక్కనుంచి వెళ్ళాను. మూడో రోజుకి నిజంగానే ఆ నూనె పాతదేమోనని నాకే అనుమానం వచ్చింది. అంత అందంగా రాశాడు.

రెండు వీధుల అవతలున్న కనకదుర్గకి ఆ కబురు బాపట్ల మీదుగా చేరింది. ఎవరో ఫొటో తీసి ఫోన్లో పెడితే, అది చేతులు మారి హాస్టల్లో కీర్తన కంటపడింది. శుక్రవారం సాయంత్రం ఆ పిల్ల ఏడుస్తూ తల్లికి ఫోను చేసింది. గిన్నెల్లో కూరలు మిగిలిపోవడానికి కారణమేంటో ఆవిడకి అప్పుడు తెలిసింది.

శనివారం పొద్దున నూనె డబ్బా చంకన పెట్టుకుని కొట్టుకి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. లేచి వెళ్ళిపోదామనుకున్నాను గాని స్టూలు వదల్లేదు.

"అన్నయ్యా, వాసన చూడు," అంది డబ్బా మూత తీసి.

"అది కాదు చెల్లెమ్మా..."

"నా కొట్టుకి వచ్చి చూశావా?"

"లేదమ్మా."

"నన్ను అడిగావా?"

"మొహమాటమేసింది."

"బాగుందయ్యా! అడగడానికి మొహమాటం, ఊరంతా చదివేలా రాయడానికి లేదా? ఆ కాంట్రాక్టరుని అడిగావుగా! ఆయన పులిహోర పంపడు కాబట్టి అడిగావా?" ఆవిడ గొంతు పెంచలేదు. "జనం మంచాన పడ్డారన్నావు. ఎవరా జనం? ఒక్కడి పేరు చెప్పు."

సైఫుల్లా నావైపు చూడలేదు. అంత దగ్గర కూర్చున్న మనిషిని చూడకుండా ఉండటం చాలా కష్టం. "ఎవరు చెప్పారన్నది వదిలెయ్ తల్లీ. రాసింది నేను," అన్నాడు.

బల్ల అంచునున్న సుద్ద తీసి ఆవిడకి ఇవ్వబోయాడు. ఆవిడ తీసుకోలేదు.

"నా కోడిగీతలు ఎవరు నమ్ముతారు? నీ చేత్తో పోయిన పరువు, నీ చేత్తోనే రావాలి. అంతే లావు అక్షరాలతో. అన్ని రోజులూ ఉండాలి."

ఆవిడ వెళ్ళిపోయింది. సైఫుల్లా సుద్ద పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అప్పుడు చెప్పాను, పీతల సంగతి. ఆరు పీతలని కూడా చెప్పాను.

"ఆరా?" అన్నాడు.

"ఆరే."

"షుగరు మనిషి మీరు!" అన్నాడు. ఆ తర్వాత బల్లకేసి తిరిగాడు.

నేను చెయ్యి పట్టుకున్నాను. "భాయ్, రాయి, వద్దనను. మంగళవారం రాయి. సోమవారం ఇంజనీరు ముందుకి వెళ్ళాలి. ఈ బల్ల ఒక్క అబద్ధం రాసిందని నువ్వే ఒప్పుకుంటే, నీళ్ళ మాట కూడా అబద్ధమే అంటాడు జయకృష్ణ. ఇరవై ఇళ్ళవాళ్ళు ఆ నీళ్ళే తాగుతున్నారు."

ఆ మాటకి ఆగాడు. బల్లమీద నీళ్ళ వాక్యం పైన ఉంది, నూనె వాక్యం కింద ఉంది. రెండూ ఒకే చెయ్యి, ఒకే సుద్ద.

"నూనె సంగతి కింద నా పేరు లేదు, చూశారా?" అన్నాడు మెల్లిగా. "చూసినవాడు సైఫుల్లా అని రాయబోతే చెయ్యి రాలేదు. రాకపోయినా ఆగలేదు నేను. కాస్త పొగరెక్కింది స్వామిగారూ. బల్ల నాది, మాట నాది, నన్ను అడిగేదెవరు అనుకున్నా. మూడు రోజులాగితే ఆవిడ కొట్టు ఆగుతుందా? పొయ్యి రోజూ వెలగాలిగా."

నూనె వాక్యం తుడిచి, బల్లలో ముప్పాతిక భాగం నిండేలా, కొట్ల పేర్లు రాసేటంత లావు అక్షరాలతో రాశాడు:

"కనకదుర్గ గారి నూనె గురించి నేను రాసినది అబద్ధం. నేను చూడలేదు, ఆవిడని అడగలేదు. నాలుగు రోజులు తప్పు ఉంది, నాలుగు రోజులు ఇది ఉంటుంది. రాసినవాడు: సైఫుల్లా."

నేను సుద్ద అడిగి తీసుకున్నాను. కింద మూలన, నా వంకర రాతతో, "చెప్పినవాడు: వీరాస్వామి" అని చేర్చాను. మధ్యాహ్నానికి ఆ బల్ల ఫొటో మా ఆవిడ ఫోనులో ఉంది. ఇంటి గడప లోపల జరిగింది రాయడానికి నాకూ సుద్ద అందదు.

సోమవారం పదిమందిమి సీసాలతో ఇంజనీరు గారి ముందు నిలబడ్డాం. జయకృష్ణ అంతకుముందే వచ్చి ఉన్నాడు. మెత్తగా ఫోను తీసి ఆయన ముందు పెట్టాడు.

"సార్, ఈ పెద్దమనిషే అబద్ధం రాశానని ఒప్పుకున్నాడు. ఫొటోమీద తారీఖుతో సహా ఉంది. ఇలాంటి మనిషి మాటమీద రోడ్డు తవ్విస్తారా?"

ఇంజనీరు గారు ఫొటో చదివారు. "మీరేనా రాసింది?" అన్నారు.

"అవునండి," అన్నాడు సైఫుల్లా. మా పదిమందిలో ఇద్దరు ఆయనకేసి కోపంగా చూశారు. ఒకడు, "ఇవాళే దొరికిందా నీ నిజాయితీకి?" అని గొణిగాడు.

వెనకనుంచి గాజుల చప్పుడైంది. కనకదుర్గ. ఆవిడ వస్తుందని మాలో ఎవరికీ తెలియదు. చేతిలో రెండు లీటర్ల సీసా ఉంది.

"ఆ అబద్ధం నామీద రాసిందే సార్. తిట్టాల్సింది నేను, తిట్టేశాను కూడా. అది వేరే లెక్క," అంది. "ఇవి ఆ వీధి మొదటి కుళాయి నీళ్ళు. పొద్దున నేనే వెళ్ళి పట్టాను. ఈయన మాట నమ్మొద్దు, నేనూ నమ్మలేదు. అందుకే పట్టుకొచ్చాను. మీరు మూత తీసి చూడండి చాలు."

"మీ మీద అబద్ధం రాసినాయన కోసం మీరొచ్చారా?" అన్నారు ఇంజనీరు గారు.

"ఆయన కోసం కాదండి, నీళ్ళ కోసం. అయినా ఆయన నోరు మూయించాలంటే నాకంటే కారణం ఎవరికుంది? నాకే అక్కర్లేనప్పుడు ఈ కాంట్రాక్టరు గారికి దేనికంట?"

ఇంజనీరు గారు మూత తీశారు. తీసినంత వేగంగా పెట్టారు. జయకృష్ణ తన ఫోను జేబులో వేసుకున్నాడు.

మంగళవారం పొద్దున్నే మనుషులు వచ్చి తవ్వారు. కేబులు గొట్టం కిందనే మంచినీళ్ళ పైపు బెత్తెడు పగిలి, పక్క కాలువ నీళ్ళు పీలుస్తోంది. జయకృష్ణ గట్టుమీద నిలబడి కొత్త ముక్క వేయించాడు. సాయంత్రానికి పని అయింది. వీధిలో వాళ్ళంతా కొట్టు ముందు చేరారు. పైపు పగిలిన మాట నిజమేనని పెద్దక్షరాలతో రాయమన్నారు. ఆ క్షమాపణ ఇక తుడిపెయ్యమన్నారు, కావాలంటే పక్కన చిన్నగా రాసుకోమన్నారు.

"ఇవాళ నాలుగో రోజు," అన్నాడు సైఫుల్లా. "రేపు పొద్దునదాకా అది అక్కడ ఉండాలి. ఆవిడకి మాటిచ్చా."

"మరి నీళ్ళ కబురు? ఇవాళ చెప్పకపోతే ఎలా?"

చుట్టూ చూశాడు. ఎవరిదో మోటారు సైకిలు నంబరు ప్లేటు, ఇంకా అంకెలు వేయనిది, స్టూలు మీద ఉంది. కుంచె ముంచి చిన్న అక్షరాలతో రాసి బల్ల మేకుకే తగిలించాడు: "పైపు బాగుచేశారు. రెండు రోజులు నీళ్ళు కాచుకుని తాగండి. చూసినవాడు: సైఫుల్లా."

అందరూ ముందు పెద్ద అక్షరాలు చదివారు, తర్వాత వంగి ప్లేటు చదివారు.