గణపతిరావు మాస్టారి మూడు ప్రశ్నలు

పాఠానికి పనికొచ్చే కాగితం కంటపడితే చాలు, గణపతిరావు మాస్టారు మూడు ప్రశ్నలు అడక్కుండా అక్కణ్ణించి కదలరు. "ఇది తీసుకోవచ్చా? నకలు రాసుకోవచ్చా? పదిమందికీ పంచొచ్చా?"

ఆయన చోడవరం డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. ఎరువుల కొట్టు కేలండరూ, మందుల కంపెనీ చార్టూ అలా కాలేజీకి చేరినవే. ఒక పెళ్లిలో వంటమనిషి పాకం ఎప్పుడు ముదురుతుందో చెబుతుంటే అక్కడా అడిగారు.

"బూరి తినీసి ఎల్లండి బాబూ, పెళ్లోరు సూస్తన్నారు!" అన్నాడతను.

కొత్తగా చేరిన లెక్చరరు రేవతి దగ్గర యూనివర్సిటీ నోట్సు చూసి ఆయన ఆగలేకపోయారు.

"పంచడం కుదరదండీ. కష్టపడి రాసుకున్నాను," అంది రేవతి.

"పోనీ, నకలు?"

ఆమె బీరువాకు తాళం వేసింది.

పోగుచేసినదంతా ఆయన తెలుగులో స్టెన్సిల్ మీద రాసి, సైక్లోస్టైల్ కాపీలు తీయించి, పిల్లలకు ఊరికే పంచేవారు. ప్రిన్సిపాల్ సత్యారావుగారి తోడల్లుడు అచ్చువేసిన గైడు కొనేవాళ్లు లేక కట్టలు కట్టలుగా స్టాఫ్‌రూంలో దుమ్ము తింటోంది.

"సోమవారం నుంచి గైడే చెప్పాలయ్యా. లేదంటే ఫైనలియర్ క్లాసు రేవతికి ఇచ్చేస్తాను," అన్నారు ప్రిన్సిపాల్.

"గైడు పంచొచ్చాండీ?"

"కొనాలయ్యా!"

"అయితే సెప్పను. క్లాసు ఆవిడికే ఇచ్చీయండి."

సోమవారం రేవతి క్లాసుకు వెళ్తే ముందు బెంచీలో షర్మిల ఒక్కర్తే ఉంది.

"మిగతావాళ్లేరీ?"

"సక్కెర ఫేక్టరీలో క్రషింగ్ కదండీ. సెరుకు బళ్లకాడున్నారు. మేస్టారూ అక్కడే."

తన క్లాసుని ఆయన ఎత్తుకుపోయారని రేవతికి ఒళ్లు మండింది. షర్మిలను వెంటబెట్టుకుని చక్కెర ఫేక్టరీ యార్డుకు నడిచింది. కాటా దగ్గర తూకం కోసం బళ్లు బారులు తీరి ఉన్నాయి. ఒక బండి గుంజకు ఎరువుల కేలండరు వేలాడుతోంది. క్లాసు కుర్రాళ్లు పగ్గాలు వదలకుండానే మాస్టారి కాగితాలు చదువుతున్నారు.

"క్లాసు నాది, మాస్టారూ."

"అందుకే సెప్పట్లేదమ్మా. పంచుతన్నానంతే. ఏటేటా ఈళ్లింతే. బండొగ్గీసి కాలేజీకొస్తే వరస పోద్ది."

"మాకాడ కాయితం సూసి బుచ్చయ్యపేటలో మావోళ్లూ రాసుకుంటారండి," అన్నాడు బండి మీదున్న విద్యార్థి కొండబాబు, ఎద్దును అదిలిస్తూ.

రేవతి కోపం దిగింది గాని పూర్తిగా పోలేదు. "సరే, మరి ఊరందరినీ ఆ అడుక్కోవడం ఏమిటండీ? రాసేసుకుంటే ఎవరు చూడొచ్చారు?"

మాస్టారు గొంతు తగ్గించారు. "నన్నేటన్నా పర్లేదమ్మా. రేపు ఈ కాయితం సేతిలో ఉన్న గుంటణ్ణి ఎవడూ దొంగనకూడదు."

రేవతి క్లాసు కోసం తెచ్చుకున్న తన నోట్సు సంచిలోంచి తీసి బండిలో చెరుకు మీద పరిచింది. "రాసుకోండి," అంది.

"ప్రిన్సిపాల్‌గారు అడిగితేనండీ?" అంది షర్మిల భయంగా.

"క్లాసు నాకిచ్చారు. ఏ గదో చెప్పలేదు."

అప్పుడు మాస్టారు పంచె ఎగ్గట్టి బండెక్కి, కొండబాబుని పక్కకు జరిపి, చెరుకు మోపు మీద బుద్ధిగా కూర్చున్నారు. రేవతి పాఠం మొదలెట్టి రెండు ముక్కలైనా చెప్పకముందే చెయ్యెత్తారు.

"మేడం, డౌటు!"