పని చేస్తున్న మందు జాడ

ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ పక్కన ఒక చిన్న బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు ఉంటాయి. అక్కడ కూర్చునే ఆవిడను అందరూ ప్రశ్నలమ్మ అంటారు. మందుతో పాటు ఇచ్చే కాగితంలో ఏముందో రోగులకు విడమరిచి చెప్పడం ఆమె ఉద్యోగం. చెప్పాక "అర్థమైందా?" అని మాత్రం చచ్చినా అడగదు. అలా అడిగితే ఎదుటి కుర్చీ కూడా తలూపుతుందని ఆమెకు తెలుసు. "ఇంటికెళ్ళి మీవాళ్ళకి ఎలా చెప్తారో నాకు చెప్పండి" అంటుంది. ఈ పద్ధతి మీద ఆమెకు కాస్త గర్వం కూడా ఉంది, దాచడమెందుకు?

ఆ గర్వానికి గండి కొట్టినవాడు ఒక నీటిపంపుల మెకానిక్. ఆయన గుండెలో పాడైన వాల్వు తీసేసి కొత్తది వేశారు. "ఊళ్ళోవాళ్ళ పంపులకి వాల్వులు మార్చీ మార్చీ, చివరికి నాకే మార్పించుకున్నానమ్మా" అని పగలబడి నవ్వాడు. ఆ కొత్త వాల్వు దగ్గర రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర బతికినంతకాలం వేసుకోవాలి. దాని కాగితాన్ని ఆయన గడగడా ఒప్పజెప్పాడు. ఏ పూట వేసుకోవాలో చెప్పాడు. దానివల్ల ఏమేం కలగవచ్చో కూడా చెప్పాడు: చిగుళ్ళలో రక్తం, ఒంటిమీద కమిలిన మచ్చలు, ముక్కులోంచి రక్తం. ఒక్కటీ పొల్లుపోలేదు. ఇంత శ్రద్ధగా చదివిన మనిషి ఇంకొకడు లేడని ఆమె మురిసిపోయింది.

కొన్నాళ్ళకు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. మొహం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది.

"పని చేస్తోందమ్మా!" అన్నాడు చొక్కా చెయ్యి పైకి లాగి. మోచేతి నుంచి మణికట్టు దాకా నల్లటి మచ్చలు. "మొదట్లో ఒక్కటీ రాలేదు. మందు పట్టట్లేదని రెండేసి వేసుకున్నా. ఇప్పుడు చిగుళ్ళు కూడా మొదలెట్టాయి."

ప్రశ్నలమ్మ వెంటనే లేచింది. వరసలో ఉన్నవాళ్ళు గొణుగుతున్నా వినకుండా ఆయన్ని నేరుగా డాక్టరు గదిలోకి తీసుకెళ్ళింది. రక్తపరీక్ష చూసిన డాక్టరు అప్పటికప్పుడు మంచం ఎక్కించాడు. ఆ రక్తం ఏ తలలోనో కారి ఉంటే మనిషి దక్కేవాడు కాదు.

"నేను నెత్తీనోరూ కొట్టుకున్నానమ్మా. కాగితంలో రాసినట్టే జరుగుతోంది, నీకేం తెలుసన్నారు" అంటూ భార్య బల్ల దగ్గరే కూలబడింది.

గండం గడిచాక ప్రశ్నలమ్మకు నిద్ర పట్టనివ్వనిది భయం కాదు, కుతూహలం. చదవడం రానివాళ్ళ పొరపాట్లు ఆమె బోలెడు చూసింది. ఇది బాగా చదివినవాడి పొరపాటు. అదెలా జరిగిందో తేల్చుకోవాలని వార్డుకు వెళ్ళింది.

"కొత్త పంపు బిగించాక ఏం చేస్తారండీ మీరు?"

"దాంతో వచ్చిన పుస్తకం చూస్తాం. స్విచ్చి వెయ్యగానే పచ్చ దీపం వెలగాలి, ముల్లు కదలాలి, గొట్టం వణకాలి. రాసినవన్నీ కనబడితే పంపు నడుస్తున్నట్టు."

"కనబడకపోతే?"

"ఇంకాస్త పెంచి..." అంటూనే ఆగిపోయాడు. తన చేతి మచ్చల వైపు చూసుకున్నాడు.

కాగితం ఒప్పజెప్పించుకుంటే చాలదని ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. "చిగుళ్ళలో రక్తం వస్తే ఏం చేస్తారు?" అని అడిగింది. అసలు మొదటిరోజే అడగాల్సిన ప్రశ్న అది.

"పరిగెత్తుకుంటూ మీ దగ్గరికొస్తా" అన్నాడాయన. అయినా పట్టు వదల్లేదు. "మరి మందు పని చేస్తోందని నాకెలా తెలియాలమ్మా?"

"రక్తపరీక్షలో మాకు తెలుస్తుంది. మీకేమీ తెలియదు. ఏమీ జరగకుండా చూడడమే దాని పని. తింటారు, పడుకుంటారు, లేస్తారు. అంతే."

మెకానిక్ మొహం చిన్నబోయింది. చప్పుడు చెయ్యనిదేదైనా పనిచేస్తోందంటే ఆయన ఏనాడూ నమ్మలేదు, పాపం.

మంచం అంచున పండు వలుస్తున్న భార్య తలెత్తకుండానే అంది. "పెళ్ళైన దగ్గర్నుంచీ ఇంట్లో నేను చేస్తున్న పనీ అదే. నా గురించి కూడా ఒక కాగితం రాసివ్వమ్మా, చదువుకుంటారు."

ప్రశ్నలమ్మ నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయింది. మెకానిక్ చెయ్యి చాచాడు. భార్య చేతిలోంచి పండు తీసుకుని, తనే వలిచి, మొదటి తొన ఆవిడకిచ్చాడు.