తిరిగితే జారే బండి

సిరిసిల్ల నుంచి మగ్గం నడపడానికి సూరత్ వచ్చిన రఘుపతికి బట్ట మీద కన్నా మగ్గాన్ని తిప్పే మోటారు మీదే మనసు. రెండేళ్లకే మిల్లు వదిలి ఆ ఊళ్లోనే ఆల్థాన్ పేటలో చిన్న గ్యారేజీ పెట్టుకున్నాడు. తొంభై ఆరులో జరీ వ్యాపారి జయంతీభాయ్ తన ఆటోమేటిక్ కారును అక్కడికి తెచ్చాడు. క్లచ్ లేని బండిని రఘుపతి అంతవరకు ముట్టుకోలేదు.

"అప్పుడప్పుడు తంతుంది. ఒక్కోసారి ఇంజను అరుస్తుంది గానీ బండి కదలదు. గేర్‌బాక్సు విప్పి బొంబాయి పంపాలంటున్నారు" అన్నాడు జయంతీభాయ్.

"విప్పే ముందు ఒకసారి నడిపి చూస్తా సేఠ్."

తెల్లారి రఘుపతి బండి తీస్తుంటే, మిల్లులో కండెలు చుట్టే అతని భార్య స్వరాజ్యం టిఫిన్ డబ్బా పట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. తిన్నని రోడ్డు మీద కారు నున్నగా పోయింది. సర్కిల్ దగ్గర తిరగగానే ఇంజను గీ పెట్టింది. బండి జారి, మళ్లీ ఒక్క తన్ను తన్నింది. స్వరాజ్యం సీటు మీంచి ఎగిరి పడి పకపకా నవ్వింది.

"మల్ల తిప్పు."

తిప్పాడు. మళ్లీ జారింది. ఐదు చుట్లయ్యేసరికి ఇద్దరికీ తల తిరిగింది, నవ్వాగలేదు. సర్కిల్ పక్క బడ్డీ దగ్గర చాయ్ తాగేవాళ్లంతా లేచి నిలబడి చూశారు.

"సక్కగ పోతే మంచిగుంటది. తిరిగినప్పుడే జారుతున్నది" అంది స్వరాజ్యం. మూత ఊడిన డబ్బాలో సగమే ఉన్న పప్పు ఒక పక్కకే చేరి, రెండో పక్క గిన్నె అడుగు కనిపిస్తోంది. "గిట్లనే ఉన్నదేమో లోపల."

రఘుపతి బండి పక్కకాపి, ఇంజను ఆపకుండానే గేర్‌బాక్సు ఆయిల్ కొలిచే పుల్ల లాగాడు. ఆయిల్ కొసకే అంటింది. బండి తిరిగినప్పుడల్లా ఉన్న కాస్తా ఒక పక్కకు చేరి, గేర్లకు అందడం లేదన్నమాట. కిందికి దూరి చూస్తే, ఆయిల్ చల్లార్చే పైపు అతుకు దగ్గర ఆయిల్ కారి తడితడిగా ఉంది.

పైపు మార్చి, కొత్త ఎర్ర ఆయిల్ పోశాడు. సాయంత్రం జయంతీభాయ్‌ను ఎక్కించుకుని అదే సర్కిల్ పది చుట్లు తిరిగాడు. ఒక్క తన్ను లేదు. సేఠ్ రెండు చేతులతో అతని భుజాలు పట్టుకుని ఊపేశాడు.

"గుర్తుపట్టింది మా ఇంటామె" అన్నాడు రఘుపతి.

"అయితే ఆదివారం ఆమెనే నడపనియ్."

ఆదివారం ఊరవతల ఇచ్ఛాపూర్ దాటాక ఖాళీ రోడ్డు మీద స్వరాజ్యం మొదటిసారి స్టీరింగు పట్టుకుంది. పక్కన రఘుపతి హ్యాండ్‌బ్రేక్ మీంచి చెయ్యి తియ్యలేదు. బండి ఆమె పాదం చెప్పినట్టల్లా మెల్లగా కదిలింది. వెనక నుంచి ఎడ్లబండి ఒకటి వచ్చి వాళ్లను దాటబోయింది. ఆమె దారిచ్చి, దాటి వెళ్తున్న బండివాడికి చెయ్యూపింది.