వెండి కిటికీల ఉస్తాద్

మా ఉస్తాద్ పోయారు. మొన్న శుక్రవారం మధ్యాహ్నం అల్ ఖోబర్‌లో నేను అన్నం కలుపుకుంటుంటే, జెద్దాలో నేను ఇదివరకు పనిచేసిన నగల కార్ఖానా నుంచి మిత్రుడు ఫోన్ చేశాడు. "ఉస్తాద్ పోయిండు భాయ్. గుండె ఆగిందట. పని బల్ల మీదనే ఒరిగిండు." కలిపిన అన్నం అలాగే వదిలేసి లేచాను.

ఆయనది కరీంనగర్. వెంట్రుకంత సన్నని వెండి తీగతో అత్తరు బుడ్లు, పాన్‌దాన్‌లు అల్లే ఇంట్లో పుట్టారు. జెద్దా వచ్చాక, అక్కడి పాతబస్తీ బలద్‌లో మేడలకున్న చెక్క జాలీ కిటికీలను చూసి, అదే తీగతో వాటిని చెవిపోగులుగా అల్లారు. ఈ కాలం అమ్మాయిలు వాటికోసం ఎగబడేవారు. "మా నాయన చూస్తే నెత్తి కొట్టుకునేటోడు. కిటికీ చెవులకు పెట్టుకునుడేందిరా అని!" అంటూ తెగ నవ్వేవారు.

నేను ఆ కార్ఖానాలో కంప్యూటర్ మీద డిజైన్లు గీసేవాణ్ణి. ఉస్తాద్ చూసి పెదవి విరిచేవారు. "బొమ్మ మంచిగనే ఉన్నది. తీగకు ఊపిరాడేది యాడ?"

ఆ పనితనమే ఆయన పాలిట సంకెల అయింది. సౌదీలో ఉండనిచ్చే కార్డు, ఇఖామా, గడువు ఎప్పుడో తీరిపోయింది. యజమాని, అంటే మా కఫీల్, కొత్తది చేయిస్తే తప్ప ఇంటికి పోవడానికి ఎగ్జిట్ వీసా పడదు. ఉస్తాద్ ఎన్నిసార్లు అడిగినా కఫీల్‌ది ఒకటే మాట: "నీలా చేసే ఇంకొకణ్ణి చూపించు, మర్నాడే పంపిస్తా."

ఆ ఇంకొకడు నేనే కావాలని ఉస్తాద్ ఆశ. ఏడాదిపాటు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. "గట్ల నొక్కి పట్టకు బిడ్డా, పోలీసోడు దొంగను పట్టినట్టు!" పని తొందరగానే పట్టుబడింది. దాంతోపాటే భయమూ పట్టుకుంది. ఆయన్ని వదిలితే ఆ బల్లకు నన్ను కట్టేస్తారు కదా!

కఫీల్ ముందు పరీక్ష రోజు, నేనల్లిన కిటికీ మీద అతుకు పెట్టే మంటను కావాలనే ఒక్క క్షణం ఎక్కువ ఉంచాను. జాలీ కరిగి ముద్దయింది. ఉస్తాద్ ఆ ముద్దను చూడలేదు, నన్ను చూశారు. అంత పనిమంతుడికి నా దొంగాట తెలియదా! నన్ను బయటపెడితే ఆయనకు విడుదల. కానీ కఫీల్ వైపు తిరిగి, "హాదా మాఫీ ఫాయిదా" అన్నారు, వీడితో లాభం లేదని.

తర్వాత నాకు చాయ్ పోశారు. "నీ ఇఖామా ఉండంగనే వేరే కఫీల్ దగ్గరికి మారిపో. ఈడ ఉండకు." ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. నా పిరికితనానికి ఈరోజుకీ సిగ్గుపడుతున్నాను.

నేను అల్ ఖోబర్‌కు బయల్దేరిన రోజు నా సంచీ ఆయనే మోశారు. గల్లీ చివరి దుకాణం దగ్గర ఆగిపోయారు. అది దాటితే రోడ్డు. రోడ్డు మీద పోలీసులు ఇఖామా అడుగుతారు. అక్కడినుంచే చెయ్యి చాచి సంచీ అందించారు. "పో బిడ్డా, ఎన్కకు చూడకు" అన్నారు.

టాక్సీ కదిలాక చూశాను. దుకాణం పరదా నీడలో నిలబడి, నేను వెళుతున్న రోడ్డు కనిపించేందుకు మెడ మాత్రం ఎండలోకి చాపారు.